ఇలకూర నేల బంజరు కాదు

నాగాయలంక మండలం: సంక్రాంతి వెళ్ళి కళ్ళాలు ఖాళీ అయిన తరువాత మా ఊరి కరకట్ట మీద నిలబడి దక్షిణంగా చూస్తే నేల ఎర్రగా అగుపిస్తుంది. మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలా ఉంటుంది. క్రొత్తగా వచ్చిన వారు అదేమిటని అడుగుతారు. మా వాళ్ళు "ఏముందండీ, ఉప్పు నేల, బంజరు" అని ఒక్క మాటలో తేల్చివేస్తారు. రెవిన్యూ కాగితాలలో కూడా దాని పేరు అదే.

ఆ బంజరును గూర్చి ఈ మధ్య మా గ్రామసభలో పెద్ద చర్చ జరిగింది. ఖాళీగా పడి ఉన్న నేలను రొయ్యల చెరువులకు కౌలుకిస్తే పంచాయతీకి నాలుగు డబ్బులు వస్తాయని ఒక పక్షం వారు వాదించారు. అలా వద్దు, ప్రభుత్వ పథకం క్రింద నేలంతా మడ మొక్కలు నాటిస్తే తుపానుల నుంచి రక్షణ కలుగుతుందని రెండవ పక్షం వారన్నారు. రెండు పక్షాల వారూ ఊరి మేలు కోరేవారే. అయితే ఇద్దరూ ఒక్క విషయంలో ఏకీభవించారు. ఆ నేలలో ఇప్పుడు ఏమీ లేదన్నారు. నా అభ్యంతరమల్లా అక్కడే. ఆ నేలలో ఏముందో చూడకుండా దానిని ఏమి చేయాలో నిర్ణయించడం తగదని మనవి చేస్తున్నాను.

ఎండిపోయిన మొక్కల కథ

ముందుగా నేను కళ్ళారా చూసినది చెబుతాను. కొన్ని సంవత్సరాల క్రితం ఒక శాఖ వారు మా ఊరి ఎర్ర నేలలో మడ మొక్కలు నాటించారు. ఫోటోలు తీశారు. నేనూ వార్త వ్రాశాను. "తీరానికి పచ్చని తోరణం" అని శీర్షిక పెట్టుకుని సంతోషించాను. కార్తీక మాసంలో నాటిన మొక్కలు మాఘ మాసానికి ఆకులు రాల్చాయి. ఉగాది నాటికి పుల్లలు మిగిలాయి. మొక్కలు చచ్చిపోయిన వార్త మాత్రం నేను వ్రాయలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

మొక్కలు నాటే రోజున పీతలు పట్టుకుని జీవించే ఒక యానాది పెద్దమ్మ కట్ట మీద కూర్చుని చూస్తున్నది. "ఏం పెద్దమ్మా, బ్రతుకుతాయా?" అని అడిగాను. "నీళ్ళు రాని చోట మడేం బ్రతుకుద్ది బాబూ? ముందు మొగ తవ్వించండి. నీళ్ళొస్తే మడ దానంతటదే వచ్చుద్ది" అన్నది. ఆమె మాటను నేను ఆ రోజు వార్తలో చేర్చలేదు. చదువు లేని మనిషి మాట అనుకున్నాను. శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించి చెప్పినదీ, ఆమె ఒక్క ముక్కలో చెప్పినదీ ఒకటేనని తరువాత తెలిసింది.

నేల మెట్లు, మొక్కల వరుస

కరకట్ట దిగి సముద్రపు కాలువ వైపు నడిస్తే నేల చదునుగా ఉన్నట్లు తోస్తుంది. నిజానికి అది మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లు జానెడు, బెత్తెడు ఎత్తువే కనుక కంటికి ఆనవు. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా పున్నమి, అమావాస్య రోజులలో కూడా మీటరున్నరకు అటూ ఇటూగా ఉంటుంది. కనుక జానెడు ఎత్తు పెరిగితే చాలు, రోజూ మునిగే నేల నెలకు నాలుగైదు రోజులు మాత్రమే మునిగే నేలగా మారిపోతుంది. ఏ మొక్క ఎక్కడ బ్రతకాలో ఆ జానెడు ఎత్తే నిర్ణయిస్తుంది.

కాలువ అంచున రోజుకు రెండుసార్లు పోటు తగిలే మెత్తని బురదలో తెల్ల మడ, నల్ల మడ ఉంటాయి. వాటి చుట్టూ బురదలో నుంచి పెన్సిళ్ళు గుచ్చినట్లుగా వేళ్ళు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక మడ ఆ వేళ్ళతో ఊపిరి తీసుకుంటుంది. మడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. నీటితోపాటు లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల ద్వారా బయటకు నెట్టివేయడం ఆ చెట్టు విద్య. కాస్త ఎత్తున, ఎడంగా తిల్ల చెట్లు. వాటి పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో కట్టెలు కొట్టేవారికి చెప్పనక్కరలేదు. మంచినీటి తాకిడి ఉన్న కాలువల ఒడ్డున మన పెద్దలు ఇళ్ళ కప్పులకు వాడిన దబ్బ గడ్డి పెరుగుతుంది.

ఆ తరువాతి మెట్టు ఎర్ర నేల. పున్నమికీ, అమావాస్యకూ వచ్చే పెద్ద పోట్లకు మాత్రమే అది తడుస్తుంది. ఇక్కడ ఇలకూర ఉంటుంది. దానితోపాటు ఆకులన్నవే లేకుండా కణుపులు కణుపులుగా పెరిగే ఉప్పు మొక్క ఒకటి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని సాలికోర్నియా అంటారు. గుజరాత్ లోని భావనగర్ లో ఉన్న కేంద్ర ఉప్పు పరిశోధనా సంస్థ వారు ఈ మొక్క నుంచి తినే ఉప్పును తయారు చేశారు. మనం బంజరు కలుపు అనుకునే మొక్కకు ఉన్న విలువ అది. గంగపావిలి కూరను పోలిన దళసరి ఆకులతో నేల మీద పాకే తీగ కూడా ఇక్కడే ఉంటుంది. వానాకాలంలో ఇవన్నీ పచ్చగా ఉంటాయి. ఎండలు ముదిరి నేలలో ఉప్పు ఎక్కువైన కొద్దీ ఎర్రబడతాయి. మనకు దూరం నుంచి కనిపించే ఎరుపు అదే.

ఇంకా పైకి, కట్ట దగ్గరకు వస్తే శనగ మొక్కను పోలిన ఉప్పు శనగ, తుంగ, ముతక గడ్డి, చివరకు సర్కారు తుమ్మ వస్తాయి. సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకున్నదంటే ఆ నేలకు పోటు నీరు రావడం దాదాపు మానివేసిందని గుర్తు.

ఉప్పు ఎక్కడ ఎక్కువ?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. సముద్రానికి దగ్గరగా ఉన్న నేలలో ఉప్పు ఎక్కువ, దూరం పోయిన కొద్దీ తక్కువ అని అనుకుంటాము. అది నిజం కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కాలువ అంచున రోజూ పోటు వచ్చి ఆ నేలను కడిగి పోతుంది కనుక అక్కడ ఉప్పు అంతకు మించి పెద్దగా పెరగదు. ఎత్తైన మెరకను వాన కడుగుతుంది. మధ్యలో ఉన్న నేలకు మాత్రం పెద్ద పోటు రోజున నీరు వస్తుంది, నిలుస్తుంది, ఎండకు ఆవిరవుతుంది. ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. మళ్ళీ పదిహేను రోజులకు మరి కాస్త. వేసవి వచ్చేసరికి ఆ నేలలో ఉప్పు సముద్రంలో కంటే ఎక్కువవుతుంది. పైన తెల్లని పొర పేలుతుంది. ఉప్పు మడులలో ఉప్పు పండించే వారికి ఈ విధానం నేను చెప్పనక్కరలేదు.

అటువంటి చోట మడ పిలక బ్రతకదు. ఇలకూర మాత్రం బ్రతుకుతుంది. అది ఉప్పును ఆకులలోనే దాచుకుని, ఆకులను నీటితో ఉబ్బించుకుని నిలబడుతుంది. అయినా దాని గింజ కూడా వాన పడి పై మట్టిలో ఉప్పు తగ్గితేగాని సరిగా మొలకెత్తదు. తొలకరికి మొలిచి, వేసవికి ఎర్రబడి, గింజ రాల్చడం ఈ ఉప్పు మొక్కల పద్ధతి. మనకు పంటల క్యాలెండరు ఉన్నట్లే ఆ నేలకూ ఒక క్యాలెండరు ఉన్నది.

పుస్తకంలో చదివినదీ, నేలలో చూసినదీ

ఇంటర్మీడియట్ లో వృక్షశాస్త్రం పాఠంలో "అనుక్రమం" అనే మాట బట్టీ పట్టాను. ఖాళీ నేలలో ముందు కొన్ని మొక్కలు వస్తాయి, అవి నేలను మారుస్తాయి, మారిన నేలలోకి వేరే మొక్కలు వచ్చి మొదటి వాటిని తోసివేస్తాయి, అలా మెట్టు మెట్టుగా సాగి చివరకు స్థిరమైన అడవి ఏర్పడుతుంది అని పాఠం సారాంశం. కృష్ణ మొగల దగ్గర ఇది ఒకప్పుడు కంటికి కనిపించేది. ఏరు తెచ్చిన ఒండ్రు నీటి అడుగున మేట వేస్తుంది. మేట పైకి తేలుతుంది. దాని మీద మడ గింజ చిక్కుకుని మొలుస్తుంది. మడ వేళ్ళు మరింత ఒండ్రును పట్టుకుంటాయి. నేల ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగిన నేలకు పోటు తగ్గుతుంది, ఇలకూర దిగుతుంది. దివిసీమ లంకలు పుట్టినది ఏటి ఒండ్రు వల్లనే. మన తాతలు వరి వేసిన నేలలో కొంత భాగం అంతకు ముందు తరాల వారు పీతలు పట్టిన బురదే.

కాని ఆ పాఠం చదివి నేనొక పొరపాటు చేశాను. కట్ట దగ్గర నుంచి కాలువ వరకు ఉన్న మొక్కల వరుసను చూసి, అదే కాలక్రమం అనుకున్నాను. ఇవాళ ఇలకూర ఉన్న చోట రేపు గడ్డి వస్తుంది, ఎల్లుండి చెట్లు వస్తాయి అనుకున్నాను. నేలంతా ఏదో ఒకనాడు అడవి కావలసినదే, మనం మొక్కలు నాటి కాస్త తొందరపెడుతున్నాము, అంతే కదా అనుకున్నాను. అది సరి కాదు. బస్సులో ముందు సీటు మనిషీ, వెనుక సీటు మనిషీ వరుసగా కూర్చున్నంత మాత్రాన వెనుకవాడు రేపు ముందుకు వస్తాడని లేదు గదా! ఒండ్రు చేరుతూ ఉంటేనే మెట్టు మారుతుంది. ఒండ్రు ఆగితే ఎవరి మెట్టు మీద వారు ఒక తరమంతా ఉండిపోతారు. సముద్రం కోస్తే వరుస వెనక్కు నడుస్తుంది. ఇలకూర నేలలోకి పోటు వస్తుంది, గడ్డి నేలలోకి ఇలకూర వస్తుంది, చివరకు వరి మడి గట్టున కూడా ఇలకూర మొలుస్తుంది. గట్టున ఇలకూర మొలిచిన రైతు దానిని పీకి పారేయకుండా ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఉప్పు తన పొలానికి వస్తున్నదని అది ముందుగా చెబుతున్నది.

మన కృష్ణమ్మ విషయంలో ఒండ్రు తగ్గిందన్నది కొట్టివేయలేని సత్యం. 1855 నాటికి విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆ తరువాత 1980 దశకంలో శ్రీశైలం. ఇవి లేకపోతే మన వరి లేదు, మన బ్రతుకు లేదు. వాటిని నేను తప్పు పట్టడం లేదు. కాని ఒండ్రు జలాశయాలలో ఆగిపోతే కొన చివర ఉన్న మన నేలకు కొత్త మట్టి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తీరం కోతకు గురవుతున్న సంగతి కొన గ్రామాల వారికి తెలిసినదే. దీనికి తోడు ప్రపంచమంతటా సముద్ర మట్టం 1901 నుంచి 2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. జానెడు కంటే కాస్త తక్కువ. జానెడు ఎత్తు ఈ నేలలో ఎంత పని చేస్తుందో పైన చెప్పాను.

ఎరుపు రెండు రకాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎర్ర నేలలన్నీ ఒకటి కావు. ఆరోగ్యంగా ఉన్న ఎర్ర నేల ఒకటి, జబ్బు పడిన ఎర్ర నేల ఒకటి.

మొదటి రకంలో పెద్ద పోటు వస్తుంది, పోతుంది. నీరు రోజుల తరబడి నిలవదు. ఏటేటా తొలకరికి అదే చోట ఇలకూర పచ్చగా లేస్తుంది. పెద్దలను అడిగితే తమ చిన్నతనం నుంచీ అది అలాగే ఉన్నదంటారు. అక్కడ మడ మొద్దులు కనిపించవు. ఇది ఎవరో పాడు చేసిన అడవి కాదు. దానంతట అదే ఒక వ్యవస్థ. దానిలో చెట్లు నాటడం వృథా. పైగా ఉన్న దానిని చెరిపినట్లవుతుంది.

రెండవ రకంలో త్రవ్వి చూస్తే పాత మడ మొద్దులు తగులుతాయి. ఒకప్పుడు అక్కడ చెట్లున్నాయి. చెట్లు పోయిన తరువాత ఎండ నేరుగా నేలకు తగిలి, నేల ఆరి, కుంగి, పళ్ళెంలా లోతు పడింది. ఆ పళ్ళెంలోకి పోటు నీరు వస్తుంది కాని తిరిగి పోలేదు. అక్కడే ఆవిరై ఉప్పు పెరుగుతుంది. మడ గింజ పడినా మొలవదు. ఉప్పును బాగా ఓర్చుకునే ఇలకూర వంటివి మాత్రమే అక్కడక్కడా మిగులుతాయి. తమిళనాడులోని పిచ్చవరంలో బ్రిటిషు వారి కాలం నుంచి 1970 దశకం వరకు అడవిని వరుసలుగా మొత్తం నరికివేసిన చోట్ల జరిగినది ఇదేనని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వారు తేల్చారు. మేత పశువుల వల్లా, కట్టెలు కొట్టే మనుషుల వల్లా అడవి పోయిందని అంతకు ముందు అనుకునేవారు. అసలు కారణం నీరు ఆగిపోవడం.

మందు కూడా వారే కనిపెట్టారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు ప్రక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. చేప వెన్నుముల్లు ఆకారంలో ఉంటుంది. పోటుకు నీరు అన్ని మూలలకూ పోతుంది, పాటుకు ఉప్పును కడుక్కుని తిరిగి వస్తుంది. ఆ తరువాతే కాలువల గట్లకు మడ మొక్కలు నాటుతారు. అటవీ శాఖ వారూ, ఆ సంస్థ వారూ, గ్రామ సమితులూ కలిసి 1990 దశకం చివరి నుంచి మన కృష్ణ, గోదావరి మొగలలో ఈ పద్ధతిని అమలు చేశారు. నీరు ముందు, మొక్క తరువాత. యానాది పెద్దమ్మ చెప్పిన మాట ఇదే గదా!

మా ఊరి నేల సంగతి చూద్దాము. తూర్పు భాగం మొదటి రకం. పడమటి భాగం రెండవ రకం. పడమటి వైపున రోడ్డు వేసినప్పుడు పెట్టిన తూము పూడిపోయి చాలా కాలమైంది. నీరు రాకా లేదు, పోకా లేదు. ఎండిపోయిన మొక్కలు నాటినది ఆ పడమటి వైపునే. తూము బాగు చేయకుండా మొక్కలు నాటడమంటే కాలువ కట్టివేసి నారు పోసినట్లే. రైతు ఎవడైనా ఆ పని చేస్తాడా?

చెరువుల సంగతి

చెరువులకు కౌలు అన్న వాదాన్ని కూడా తేలికగా తీసివేయడం లేదు. 1990 దశకం మొదట్లో టైగర్ రొయ్య మన తీరానికి డబ్బు తెచ్చింది. 1994, 1995 సంవత్సరాలలో తెల్ల మచ్చ వ్యాధి వచ్చి ఎందరినో అప్పుల పాలు చేసింది. 2009 తరువాత వనామీ వచ్చింది. రొయ్య మీద బ్రతికే కుటుంబాలు మన జిల్లాలో వేలున్నాయి. వారి చెరువులను మూయించాలని ఎవరూ కోరడం లేదు. పోటు తగిలే నేలలోకి చెరువులు దిగడమే అభ్యంతరం. చెరువుకు గట్టు వేయగానే లోపలి నేలకే గాక వెనుకనున్న నేలకు కూడా పోటు ఆగిపోతుంది. చెరువు నష్టపోయి వదిలివేసినా గట్టు మాత్రం ఉండిపోతుంది. ఆ గట్టు లోపల పదేళ్ళయినా మడ రాదు. సర్కారు తుమ్మ వస్తుంది.

చట్టం కూడా దీనికి ఒప్పుకోదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువులపై ఇచ్చిన తీర్పు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2019 నాటి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలో మడ అడవులతోపాటు ఉప్పు బీళ్ళను కూడా అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చారు. ఢిల్లీలో వ్రాసిన కాగితం ఆ నేలను కాపాడవలసినది అంటున్నది. మన ఊరి కాగితం బంజరు అంటున్నది. రెండు కాగితాలకూ పొత్తు కుదిర్చే బాధ్యత ఎవరిది?

దానిలో ఉన్నదేమిటి?

ఆ నేల ఎందుకూ పనికిరాదన్న వారు ఒక్కసారి కరవు రోజులను తలచుకోవాలి. ఇలకూరను రెండుసార్లు ఉడికించి ఉప్పు వార్చి పప్పులోనో, పచ్చి రొయ్యలతోనో వండుకుని తిన్న ఇళ్ళు మన తీరంలో ఎన్నో ఉన్నాయి. ఇప్పటికీ పేదల ఇళ్ళలో అది వండుతారు. ఇలకూర మొదట్లోనూ, చిన్న కాలువలలోనూ పీత పిల్లలు, రొయ్య పిల్లలు దాగి పెరుగుతాయి. పోటు తగ్గాక ఉల్లంకులు వచ్చి బురదలో పురుగులను ఏరుకుంటాయి. మన కృష్ణ అభయారణ్యానికి పేరు తెచ్చిన బావురు పిల్లి రాత్రి పూట ఈ కాలువల వెంటనే చేపల వేటకు తిరుగుతుంది. పాడి గేదెలు ఉన్నవారికి మడ ఆకు, గడ్డి మేత ఇక్కడివే. ఇవేవీ పంచాయతీ పద్దులో రాబడిగా కనబడవు. వేలం పాట పాడిన డబ్బు మాత్రమే కనబడుతుంది. పీతలు పట్టే ఇల్లాలి బుట్ట నిండిందా లేదా అన్నది ఏ పద్దులో వ్రాస్తారు?

ఇక రక్షణ మాట. 1977 నవంబరు 19 ఉప్పెన గూర్చి దివిసీమలో చెప్పవలసిన పని లేదు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మా ఇంట్లో కూడా ఆ రోజు పేరెత్తితే పెద్దలు మాట మార్చేవారు. అంతటి ఉప్పెనను ఇలకూర ఆపుతుందని నేను అనను. మడ కూడా పూర్తిగా ఆపలేదు. తుపాను రక్షణ గృహం, ముందస్తు హెచ్చరిక, గట్టి కరకట్ట కావలసిందే. కాని ఆ కరకట్ట ముందు ఏమున్నదన్నది ముఖ్యం. మడ, దాని వెనుక ఎర్ర నేల ఉంటే ఏటా వచ్చే చిన్న తుపానులకు అల ఊపు తగ్గి కట్టను చేరుతుంది. బురదను వేళ్ళు పట్టి ఉంచుతాయి. అవి లేకపోతే అల నేరుగా వచ్చి కట్ట పాదాన్ని తింటుంది. సముద్రం పెరిగినప్పుడు ఈ మొక్కలన్నీ ఒక్కొక్క మెట్టు వెనక్కు జరగడానికి చోటు కావాలి. ఆ చోటే ఎర్ర నేల. దానిని చెరువు గట్లతో నింపితే ముందు సముద్రం, వెనుక గట్టు, మధ్యలో నలిగిపోయేది మడ. మడ పోతే తరువాతి వంతు మనది.

చేయవలసిన పనులు

కనుక గ్రామస్థులకూ, అధికారులకూ ఈ క్రింది మనవులు చేస్తున్నాను.

మొదటిది, మా ఊరి పడమటి తూమును బాగు చేయించాలి. పూడిన మొగను తెరిపించాలి. దీనికి మొక్కలు నాటే ఖర్చులో కొంత చాలు. తీరానికి మడ మొక్కల కొరకు కేంద్ర ప్రభుత్వం 2023లో "మిష్టి" అనే పథకాన్ని ప్రారంభించింది. మంచి పథకమే. మన ఊరికి ఆ నిధులు వస్తే ముందు నీటి దారికి, తరువాతే మొక్కలకు ఖర్చు చేయాలి. నాటిన మొక్కల సంఖ్య కాక, మూడేళ్ళ తరువాత బ్రతికి ఉన్న మొక్కల సంఖ్యను బోర్డు మీద వ్రాయాలి.

రెండవది, తూర్పు వైపు ఎర్ర నేలను అలాగే ఉంచాలి. అక్కడ చెరువూ వద్దు, చెట్టూ వద్దు. చెట్టు వద్దని ఒక విలేఖరి వ్రాయడం వింతగా తోచవచ్చు. చెట్టు మంచిదే. ప్రతి నేలకూ చెట్టే మంచిదని అనుకోవడం మంచిది కాదు. 2021 అటవీ నివేదిక ప్రకారం మన రాష్ట్రంలో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. మడకు లెక్క ఉన్నది కనుక దానిని పెంచాలని అందరికీ ఆశ. మా ఊరి ఇలకూర నేల ఎన్ని ఎకరాలో గ్రామసభలో ఒక్కరూ చెప్పలేకపోయారు. లెక్క లేనిది లెక్కలోకి రాదు.

మూడవది, గ్రామ సచివాలయం సర్వేయరు ఆ నేలను కొలిచి, తీరప్రాంత ప్రకటనలో ఉన్న తరగతితో సరిచూసి, బంజరు అన్న మాట ప్రక్కన ఉప్పు బీడు అని గుర్తించేటట్లు తహసీల్దారు గారు చర్య తీసుకోవాలి. అంతవరకు కౌలు ప్రతిపాదనను ఆపాలి.

నాలుగవది మన చేతిలో ఉన్న పని. కట్ట నుంచి కాలువ వరకు వరుసగా పది గెడలు పాతి, ఒక్కొక్క గెడకు బెత్తెడు బెత్తెడుకు ఒక గుర్తు పెట్టాలి. ప్రతి పున్నమికి ఏ గెడ దగ్గర నీరు ఎంత వచ్చింది, ఎన్ని రోజులు నిలిచింది, చుట్టూ ఏ మొక్క ఉన్నది అని హైస్కూలు పిల్లలు నోటు పుస్తకంలో వ్రాయాలి. మూడు నాలుగు ఏండ్లకు ఆ పుస్తకమే మన ఊరికి సాక్ష్యం. నేల ఎత్తు పెరుగుతున్నదా, కుంగుతున్నదా, ఇలకూర ముందుకు పోతున్నదా, మన పొలాల మీదికి వస్తున్నదా అన్నది అప్పుడు ఎవరినీ అడగనక్కరలేదు. సైన్సు మాస్టారు గారు ఒప్పుకున్నారు. గెడలు ఇవ్వడానికి ఇద్దరు మత్స్యకార పెద్దలు ముందుకు వచ్చారు.

వచ్చే గ్రామసభలో కౌలు విషయం మళ్ళీ చర్చకు రానున్నది. ఆ సభకు పీతలు పట్టే వారిని కూడా పిలవాలని సర్పంచి గారిని కోరుతున్నాను. ఆ నేలలో రోజూ నడిచేవారు వారే. వారి మాట వినకుండా తీర్మానం చేయడం న్యాయం కాదు. పెద్దమ్మ ఈ సారి ఏమి చెప్పినా అక్షరం పొల్లు పోకుండా వార్తలో వ్రాస్తానని ఈ పత్రికా ముఖంగా మాట ఇస్తున్నాను.